గెలా? పిలకా? బదనికా?

ఈ నెల ఏమి వ్రాయాలా అని కలం పట్టుకుని ఆలోచించే పని నాకు లేకపోయింది. వ్రాయడానికి ఒక తప్పు సిద్ధంగా ఉన్నది. అది నేను చేసినదే. ఇరవై ఏళ్ళకు పైబడి ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం చేస్తున్నాను. క్రొత్తగా చేరిన కుర్రవాళ్ళకు, "కాగితం ఏ ఫైలుదో చూడకుండా చింపకండి, చింపిన కాగితం మళ్ళీ అతకదు" అని నేనే బుద్ధులు చెబుతూ ఉంటాను. అటువంటివాణ్ణి, ఇంట్లో ఒక మొక్కకు మొలిచినది ఏమిటో చూడకుండా కత్తెర పెట్టాను. ఆ సంగతి చెప్పుకుంటే, చదివినవారిలో ఒక్కరైనా కత్తెర అందుకునే ముందు నాలుగు రోజులు ఆగుతారని నా ఆశ.

మా ఊరు పాపారపట్టి. ధర్మపురి జిల్లాలో పెన్నాగరం తాలూకా. సుబ్రహ్మణ్య శివ 1925లో కన్నుమూసిన ఊరు అంటే ఈ ప్రాంతంవారు చటుక్కున గుర్తు పడతారు. మా వైపు మామిడి, చింత పుష్కలం. నీళ్ళు మాత్రం కొలిచి వాడుకోవలసిన సీమ. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తరాలుగా ఇలాగే జరిగిపోతున్నది. చదువరులలో చాలామంది ఇళ్ళలోనూ ఇదే వరస కనుక ఇంతకు మించి వివరించనక్కరలేదు.

మా అమ్మాయి బెంగుళూరులో చదువుకునే రోజుల్లో ఒకసారి సెలవులకు వస్తూ చెప్పుల పెట్టె అంత అట్టపెట్టె ఒకటి ఒళ్ళో పెట్టుకుని బస్సు దిగింది. మిఠాయి అనుకున్నాం. విప్పి చూస్తే ఒక మొక్క. మొక్క అనడానికి కూడా నోరు రాలేదు. అడుగున చిన్న ఉల్లిగడ్డ వంటి ఉబ్బు, దాని పైనుంచి బూడిద పూసినట్టుగా ఉన్న పది పన్నెండు ఆకులు పాముపిల్లల్లా మెలికలు తిరిగి ఉన్నాయి.

"మట్టి ఏదమ్మా?" అన్నాను.

"మట్టి అక్కరలేదు నాయనా."

"పోనీ కుండీ?"

"అదీ అక్కరలేదు."

"మరి ఏమి కావాలి దీనికి?"

"వారానికి ఒకసారి స్నానం. రోజూ కాస్త గాలి, కాస్త వెలుతురు. అంతే."

మా అమ్మ ప్రక్కనుంచి విని, "ఇందులో వింత ఏముంది? మన గుమ్మానికి కట్టిన ఆకాశగరుడ గడ్డ మాదిరే గదా" అన్నది. ఆమె మాట కొట్టివేయదగినది కాదు. ఆకాశగరుడ గడ్డను ఈ వైపు చాలా ఇళ్ళలో దృష్టి తగలకుండా గుమ్మానికి కడతారు. మట్టి లేకుండా, నీళ్ళు పోయకుండా, అది ఒకనాడు సన్నని తీగ వదిలి ఆకులు వేస్తుంది. కలబందను వేళ్ళు పైకి పెట్టి కట్టినా నెలల తరబడి చావదు. రణపాల ఆకు తెంచి పుస్తకంలో పెడితే అంచుల వెంబడి పిల్లమొక్కలు పుడతాయని బళ్ళో చదివిన ప్రతివాడికీ తెలుసు. జర్మను మహాకవి గోథే కూడా ఈ రణపాల ఆకులను మిత్రులకు పంపి ముచ్చటపడేవాడట. ఇవన్నీ గాలి మీద బ్రతుకుతున్నాయని మనం అనుకుంటాం. నిజానికి అవి బ్రతికేది తమ ఒంట్లో దాచుకున్న నీటి మీద. ఆకాశగరుడకు గడ్డలో నిలవ, కలబందకు మట్టలో నిలవ, రణపాలకు ఆకులో నిలవ. ఆ నిలవ తరిగేకొద్దీ గడ్డ ముడుచుకుపోతుంది.

మా అమ్మాయి తెచ్చిన మొక్క సంగతి వేరు. దాని కులం పేరు తిలాండ్సియా. అమెరికా ఖండాలు దాని పుట్టిల్లు. అక్కడ చెట్ల కొమ్మల మీద, బండల మీద, కొన్నిచోట్ల కరెంటు తీగల మీద కూడా పెరుగుతుంది. ఆకుల మీద మనకు బూడిదలా కనిపించేది బూడిద కాదు, కంటికి విడిగా ఆనని సన్నని పొలుసులు. వాన, మంచు పడ్డప్పుడు నీటిని పీల్చుకునేవి ఆ పొలుసులే. అందుకే తడిసినప్పుడు ఆకు పచ్చగా మారి, ఆరగానే మళ్ళీ బూడిద రంగుకు వస్తుంది. వేళ్ళు ఉంటాయి గాని అవి కొమ్మను పట్టుకుని నిలబడడానికే, తినడానికి కాదు. కొమ్మనుంచి అది ఏమీ తీసుకోదు. అన్ని పచ్చని మొక్కల మాదిరే ఎండవెలుగుతో తన కూడు తానే వండుకుంటుంది.

ఆ పేరు వెనుక ఒక కథ ఉన్నది. 17వ శతాబ్దంలో తిలాండ్స్ అని ఒక వైద్యుడు, వృక్షశాస్త్రం తెలిసినవాడు, ఇప్పటి ఫిన్లాండు దేశంలో ఉండేవాడు. ఒకసారి ఓడ ఎక్కి, సముద్రం పడక, నానా అవస్థ పడి, తిరుగు ప్రయాణంలో ఓడ మాట తలపెట్టక, సముద్రపు పాయ చుట్టూ నేల మీదనే వచ్చాడట. మొక్కలకు పేర్లు పెట్టిన లిన్నేయస్ మహాశయుడు, ఈ మొక్కకూ నీళ్ళంటే గిట్టదని తలచి ఆయన పేరు దీనికి తగిలించాడు. తిలాండ్స్ సంగతి ఎలా ఉన్నా మొక్క విషయంలో లిన్నేయస్ పొరబడ్డాడు. దీనికి నీళ్ళు కావాలి. నిలవ నీళ్ళే పనికిరావు.

ఈ కులంలో ఆరువందలకు పైగా జాతులు ఉన్నాయి. మా ఇంటికి వచ్చినదాని పేరుకు అర్థం మెడూసా తల అని. గ్రీకుల పురాణంలో వెంట్రుకలకు బదులు పాములు ఉన్న ఒక రాక్షసి మెడూసా. ఆ ఉల్లిగడ్డ వంటి అడుగు లోపల డొల్ల. పుట్టినచోట ఆ డొల్లలో చీమలు కాపురం ఉంటాయట. మా ఇంట్లో చీమలకు కొదవ లేకపోయినా ఎందుకో ఆ వైపు పోలేదు.

చదువు ముగిసింది. అమ్మాయికి హైదరాబాదులో ఉద్యోగం అయింది. పోతూ పోతూ మొక్కను వసారాలో కిటికీ ప్రక్కన నూలుదారంతో కట్టి, "నాయనా, ఇది మూడేళ్ళుగా నా దగ్గర ఉంది. ఎప్పుడో ఒకప్పుడు పూస్తుంది. పూస్తే చెప్పు, సెలవు పెట్టి వస్తా" అన్నది. నేను సరేనన్నాను. పువ్వు అంటే మొగ్గ ఉంటుంది, రేకులు ఉంటాయి, చూస్తే తెలియదా అన్న ధైర్యం.

ఇక్కడ కొంచెం వెనక్కు పోవాలి. నాకు పదిహేనేళ్ళప్పుడు మా నాయన నాటిన బెంగుళూరా మామిడి ఒకటి దొడ్లో ఉండేది. ఒక ఏడు దాని నడికొమ్మ మీద మామిడి ఆకు కాని ఆకులు గుబురుగా వచ్చాయి. మందంగా, కాస్త బూడిద పచ్చగా ఉండేవి. మరుసటి ఏడు ఆ గుబురు నిండా నారింజ ఎరుపు రంగులో సన్నని గొట్టాల వంటి పూలు. పిట్టలు వచ్చి వాలేవి. మా నాయన, "మన చెట్టుకు మరో చెట్టు అతిథిగా వచ్చింది, ఉండనీరా" అని మురిసిపోయాడు. నేనూ మురిసిపోయాను. అది బదనిక. తమిళంలో పుల్లురువి అంటారు. మూడో ఏటికి ఆ కొమ్మ చివర ఎండింది. తరువాత ప్రక్క కొమ్మ. మేము గుబురును విరిచివేశాం. అది మళ్ళీ చిగిర్చింది. మళ్ళీ విరిచాం. చెట్టు సగం మోడై, కాపు పోయి, చివరకు నరికించవలసి వచ్చింది. నరికిననాడు మా నాయన భోజనానికి లేవలేదు.

బదనిక పద్ధతి ఏమిటో తరువాత తెలుసుకున్నాను. దాని పండులో జిగురు ఉంటుంది. బొటనవ్రేలంత పిట్ట ఒకటి ఆ పండు తిని, వదలని గింజను కొమ్మకు రాస్తుంది. గింజ అక్కడే అతుక్కుని మొలిచి, వేరుకు బదులు ఒక మేకు వంటిదాన్ని కొమ్మ లోపలికి దింపుతుంది. ఆకుపచ్చని ఆకులు ఉన్నాయి కనుక కూడు తానే వండుకుంటుంది గాని, నీళ్ళూ ఉప్పులూ మాత్రం చెట్టువి. పైన విరిచినా లోపలి మేకు ఉన్నంతవరకు మళ్ళీ వస్తుంది. అది కరుచుకున్న చోటుకు ఒక జానెడు క్రిందుగా కొమ్మనే కోసివేయాలి. అదీ మొదట్లోనే, పండ్లు పండకముందే చేయాలి. ఆనాడు మాకు ఇది తెలియదు. కోయవలసినదాన్ని కోయక చెట్టును పోగొట్టుకున్నాం. ఆ దెబ్బ నా మనసులో ఉండిపోయింది.

ఇంకొక చిక్కు కూడా ఉన్నది. మన పెద్దలు చెట్టు మీద మొలిచినదానినల్లా బదనిక అన్నారు. చెట్టు నీళ్ళు త్రాగే పుల్లురువీ బదనికే, చెట్టుకు ఏ హానీ చేయక కొమ్మను పట్టుకుని వ్రేలాడే పూలమొక్కా బదనికే. సంస్కృతంలో వందా అన్న మాటా అలాంటిదే. ఆ మాటనే తీసుకుని పాశ్చాత్యులు ఒక ఆర్కిడ్ పూలజాతికి వాండా అని పేరు పెట్టారు. దొంగకూ అతిథికీ ఒకే పేరు అయితే గుమ్మం దగ్గర ఎవరిని ఆపాలో తెలియదు.

సరే, అసలు కథకు వస్తాను. నిరుటికి ముందటి కార్తీకంలో ఒక ఆదివారం మా అమ్మ వసారాలో కూర్చుని ఒత్తులు చేసుకుంటూ, "ఒరే అబ్బయ్యా, దీని నడుమ చూడు. ఏదో మొలుస్తూ ఉంది" అని పిలిచింది. పోయి చూశాను. పాముపిల్లల వంటి ఆకుల మధ్యనుంచి పెన్సిలంత లావున ఒకటి పైకి వస్తున్నది. ఆకులన్నీ మెలికలు తిరిగి ఉంటే ఇది మాత్రం నిటారుగా ఉన్నది. ఆకుల మీద బూడిద ఉంటే ఇది నున్నగా ఉన్నది. కొన ఎర్రగా ఉన్నది. రేకులు లేవు, మొగ్గ లేదు. రంగు వేరు, రూపు వేరు, పోకడ వేరు.

"బదనికరా ఇది. చెట్టును తినేస్తుంది" అన్నది మా అమ్మ.

నా కళ్ళ ముందు దొడ్లో మామిడి కదలాడింది. అప్పుడు ఆలస్యం చేసి చెడ్డాం, ఇప్పుడు చేయకూడదు అనుకున్నాను. అమ్మాయి అప్పగించిపోయిన మొక్క. మా ఇంటావిడ వంటింట్లోనుంచి, "దానికొక ఫోను చేసి అడగరాదూ" అన్నది. ఆఫీసులో ఉంటుంది, చిన్న విషయానికి ఎందుకులే అన్నాను. కత్తెర తెచ్చి మొదలంటా కత్తిరించి, మొక్కను రక్షించానన్న తృప్తితో స్నానానికి పోయాను.

సంక్రాంతి దాటింది. మొక్క ఎండలేదు, పెరగనూ లేదు. మాఘమాసంలో ఒక ఉదయం నీళ్ళలో ముంచి తీస్తూ ఉంటే, అడుగు ఉల్లిగడ్డ ప్రక్కన ఆకు సందులోనుంచి వడ్లగింజ కంటె కాస్త పెద్దవి రెండు బుడిపెలు చేతికి తగిలాయి. మా అమ్మకు చూపించాను. "చూశావా, కోస్తే మళ్ళీ వచ్చింది. ఒకటికి రెండు వచ్చాయి. బదనిక గుణం అదే" అన్నది. నిజమే, మామిడి మీద గుబురును విరిచినప్పుడు జరిగింది సరిగ్గా అదే. ఆమె చెప్పినదానిలో తర్కం తప్పు లేదు. నేను కత్తెర కోసం లేచాను.

ఈసారి మా ఇంటావిడ కత్తెర దాచివేసింది. "ముందు ఫోటో పంపండి, తరువాత కత్తెర" అన్నది. ఫోనుతో రెండు ఫోటోలు తీసి పంపాం. అరగంటలో అమ్మాయి పిలిచింది. గొంతులో ఒకటే సంబరం.

"పిల్లలు పెట్టింది నాయనా! రెండు! అయితే పూసిందన్నమాట. పూస్తే చెప్పమన్నాను గదా, చెప్పలేదేం?"

"పూయలేదమ్మా."

"పూయకుండా సాధారణంగా పెట్టదు. మధ్యలోనుంచి ఏదీ రాలేదా? పెన్సిల్ మాదిరి, ఎర్రగా?"

నాకు నోట మాట రాలేదు. మా ఇంటావిడ నా వైపు చూసి ఊరుకున్నది. చెప్పక తప్పలేదు, చెప్పాను. అటునుంచి కొంతసేపు సడి లేదు. తరువాత, "అదే నాయనా పువ్వు. అది ఇంకాస్త పెరిగి, ఎర్రని పొరల మధ్యనుంచి ఊదారంగు గొట్టాల మాదిరి పూలు వస్తాయి. ఈ మొక్క జన్మలో ఒక్కసారే పూస్తుంది" అన్నది. కోప్పడలేదు. కోప్పడితే బాగుండునని నాకు అనిపించింది.

ఒక్కసారే పూయడం ఏమిటి అని మా అమ్మ అడిగింది. అమ్మాయి ఫోనులోనే చెప్పింది. "అవ్వా, నడుమనుంచి పూత వస్తే ఆ మొక్క పెరుగుదల అంతటితో సరి. ఇక నడుమనుంచి క్రొత్త ఆకు రాదు. అడుగున ప్రక్కలనుంచి పిల్లలు వస్తాయి. తల్లి మెల్లగా ఎండిపోతుంది. పిల్లలు పెద్దవై మళ్ళీ పూస్తాయి."

మా అమ్మ ఒక్క క్షణం ఆలోచించి, "ఇంతేనా? ఇది అరటి గదే!" అన్నది. నా వైపు తిరిగి, "గెల కోసి పారేశావురా. ఇప్పుడు పిలకలు కోయబోయావు" అన్నది.

చదువరులు గమనించాలి. మా దొడ్లో బావి ప్రక్కన నాలుగు అరటి బోదెలు ఉన్నాయి. నేను పుట్టినప్పటినుంచి చూస్తున్నాను. గెల నడుమనుంచే వస్తుంది. వచ్చినప్పుడు అది అరటి ఆకులా ఉండదు. రంగు వేరు, రూపు వేరు, పోకడ వేరు. గెల వేసిన బోదె మళ్ళీ వేయదు. ప్రక్కన పిలక లేస్తుంది. పిలకను చూసి ఇది బదనిక అని ఎవరైనా అంటారా? అనాసపండు ఇంకా దగ్గరి ఉదాహరణ. అనాస, ఈ తిలాండ్సియా ఒకే కుటుంబంలోవి. అనాసకూ పండు నడుమనుంచే, పిలకలు ప్రక్కలనుంచే. ఇంత తెలిసి ఉండీ నేను క్రొత్త మొక్కను చూసినప్పుడు అరటి వైపు చూడలేదు, చచ్చిపోయిన మామిడి వైపు చూశాను. నాకు జరిగిన పొరపాటు అదే. ఒకసారి దెబ్బ తిన్న చోటే మనసు మళ్ళీ మళ్ళీ తడుముతుంది. రంగు వేరుగా ఉన్నది, రూపు వేరుగా ఉన్నది అని చూశానే గాని, ఎక్కడనుంచి వచ్చింది అని చూడలేదు.

కనుక, ఇటువంటి మొక్క ఇప్పుడు చాలా ఇళ్ళకు కానుకగా వస్తున్నది గనుక, మా అమ్మాయి చెప్పినదీ, నేను ఏడాదిగా చూసి తెలుసుకున్నదీ క్లుప్తంగా వ్రాస్తాను.

క్రొత్త మొలక కనిపిస్తే ముందు అది పుట్టిన చోటు చూడండి. సరిగ్గా నడిబొడ్డునుంచి వస్తే అది గెల, అంటే పూత. దానికి ముందో వెనుకో కొన్ని జాతులలో లోపలి ఆకులు ఎర్రబడతాయి. అది తెగులు కాదు, పెండ్లికళ. అడుగున, లేక ఆకుల సందున ప్రక్కగా వస్తే అది పిలక. కొద్ది వారాలలోనే దానికి తల్లి పోలిక తెలుస్తుంది, అదే బూడిద రంగు, అదే మెలిక. అడుగునుంచి గోధుమ రంగులో సన్నని తీగముక్కల వంటివి వస్తే అవి వేళ్ళు. పట్టుకోవడానికి ఏదైనా వెదుకుతున్నాయన్నమాట. అవి అడ్డం అనిపిస్తే కత్తిరించినా మొక్కకు హాని లేదు. మొక్కలోనుంచి కాక, మొక్క మీద వేరే గింజ మొలిచి దాని ఒంట్లోకి దిగుతున్నట్టు కనిపిస్తే అప్పుడు బదనిక సంగతి తలచుకోవచ్చు. నాకు తెలిసి వసారాలో వ్రేలాడే మొక్కకు అటువంటి భయం లేదు. దొడ్లో మామిడికి మాత్రం ఉన్నది. అక్కడ ఆలస్యం చేయవద్దు. అనుమానం ఉంటే మా ఊళ్ళోనే కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నది, అటువంటి చోట అడగవచ్చు.

భయపడవలసిన మార్పు మొలక కాదు, మెత్తబడడం. అడుగు నల్లబడి, నొక్కితే మెత్తగా ఉండి, ఆకు లాగితే ఊడి వస్తే అది కుళ్ళు. నడుమ నీరు నిలిచిందన్నమాట. మా మొక్కకు ఉల్లిగడ్డ డొల్ల కనుక ఆ ప్రమాదం ఎక్కువ. వారానికి ఒకసారి, ఎండాకాలం రెండుసార్లు, ఉదయం పూట గిన్నెడు నీళ్ళలో ఇరవై నిమిషాలు ఉంచి, తీసి, తలక్రిందులు చేసి బాగా విదిలించి, గాలి ఆడేచోట ఆరవేయాలి. ఉదయమే ఎందుకంటే ఈ మొక్క రాత్రి పూట ఆకు రంధ్రాలు తెరిచి గాలి పీల్చుకుంటుంది. రాత్రి ఒళ్ళు తడిగా ఉంటే దానికి ఊపిరి ఆడదు. మా జిల్లాలో బోరు నీళ్ళు కాచిన గిన్నెకు తెల్లని చట్టు కడుతుంది. ఆ చట్టే ఆకు పొలుసుల మీదా కడుతుంది. కనుక వానలో పట్టి ఉంచిన నీళ్ళు మేలు. ఇక వ్రేలాడదీయడానికి రాగితీగ మాత్రం వాడవద్దు. దేవుడికి రాగి ఎంత పవిత్రమో ఈ కుటుంబపు మొక్కలకు అంత విషం.

మళ్ళీ మా ఇంటికి వస్తాను. ఎండాకాలం వచ్చేసరికి తల్లిమొక్క బయటి ఆకులు ఒకటొకటే కొసలనుంచి ఎండసాగాయి. పిలకలు రెండూ చిటికెనవ్రేలంత అయ్యాయి. చూడడానికి కళ తప్పింది. వచ్చిపోయేవారు, "ఎండిపోయినదాన్ని తీసి పారేసి, చిన్నవి మాత్రం ఉంచుకోరాదా" అనేవారు. నేను మళ్ళీ అమ్మాయిని అడిగాను. ఈసారి మా ఇంటావిడ చెప్పకముందే అడిగాను. తీయవద్దన్నది. ఆకు పచ్చగా ఉన్నంతవరకు తల్లి తన ఒంట్లోది పిల్లలకు పెడుతూనే ఉంటుందట. పిలకలు తల్లిలో మూడోవంతు, సగం అయినదాకా విడదీయకూడదట.

ఈ మాట మా అమ్మకు చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. ఆ రోజునుంచి మొక్కకు స్నానం చేయించే పని మాత్రం తానే తీసుకున్నది. డెబ్బై దాటిన మనిషి. గిన్నెలో ముంచి, గడియారం చూసుకుంటూ ఎదుట కూర్చుని, తీసి, వణికే చేతులతో విదిలించేది. తల్లి ఎండుటాకులను కూడా జాగ్రత్తగా విదిలించేది.

మొన్న పొంగలికి అమ్మాయి వచ్చింది. సంచి క్రింద పెట్టకముందే వసారాలోకి పోయింది. పిలకలు రెండూ తల్లిలో సగం ఎత్తు అయ్యాయి. తల్లికి నడుమ నాలుగు ఆకులు మాత్రం పచ్చగా మిగిలాయి. ఆ నాలుగింటి మధ్య నేను కోసిన మొండి నల్లగా ఎండి కనిపిస్తున్నది. అమ్మాయి దాన్ని వ్రేలితో తాకి చూసింది. నేను ప్రక్కన నిలబడి, "తప్పయిందమ్మా" అన్నాను. ఫోనులో చెప్పడం వేరు, ఎదుట నిలబడి చెప్పడం వేరు.

"ఎంతో ప్రేమగా కోశావు నాయనా" అని నవ్వింది. తరువాత ఒక పిలకను అడుగున పట్టుకుని మెల్లగా ప్రక్కకు వంచింది. అది సులువుగా విడిపోయింది. రెండోదాన్ని తల్లి దగ్గరే ఉంచింది. విడిపోయినదాన్ని అప్పటి అట్టపెట్టెలోనే కాగితాల మధ్య సర్దుకుని హైదరాబాదుకు తీసుకుపోయింది. పోతూ, "అవ్వా, ఇది పూయడానికి ఇంకా రెండు మూడేళ్ళు పడుతుంది. నీ దగ్గరది ముందు పూస్తుందో, నా దగ్గరది ముందు పూస్తుందో చూద్దాం" అన్నది.

"నాదే పూస్తుంది. మీ నాయన కత్తెర నా దగ్గర ఉంది" అన్నది మా అమ్మ.

ఇది నిజం. కత్తెర ఇప్పటికీ ఆమె పెట్టెలోనే ఉన్నది. ఆఫీసు కాగితాలు కత్తిరించుకోవలసి వచ్చినా అడిగి తీసుకుని, పని అయ్యాక తిరిగి ఇవ్వవలసి వస్తున్నది. అడిగినప్పుడల్లా, "ఏమి కోస్తావు?" అని అడిగి గాని ఇవ్వదు. చదువరులకు నా విన్నపం కూడా అంతే. ఏమి కోస్తున్నారో ముందు ఎవరినైనా ఒకరిని అడిగి మరీ కోయండి. ఇంట్లో ఆవిడను అడిగినా సరే, మీ దొడ్లో అరటిని అడిగినా సరే.